కాఫ్కా: చిట్టా రాసే యంత్రం

అమెజాన్ తన డేటా సెంటర్ల కోసం ఎంచుకున్న చోట్లలో హైదరాబాద్ దగ్గరి కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట ఒకటి. ఆ సంస్థ 2022 నవంబరులో మొదలుపెట్టిన హైదరాబాద్ రీజియన్‌లో మూడు అవైలబిలిటీ జోన్లు, అంటే విడివిడి డేటా సెంటర్ల సముదాయాలు, ఉన్నాయి. ఒక జోన్ మూలపడినా సమాచారం పోకూడదంటే దాని ప్రతి కనీసం మరో జోన్‌లోనైనా ఉండాలి. ఇలా ఒకే చిట్టాను పలు యంత్రాల మీద రాసే సాఫ్ట్‌వేర్లలో పేరున్నది కాఫ్కా.

దీన్ని లింక్డిన్‌లో జే క్రెప్స్, నేహా నార్ఖేడే, జున్ రావు తయారుచేశారు. 2011లో ఓపెన్ సోర్స్ అయింది. దాని పద్ధతి కిరాణాకొట్టు చిట్టా లాంటిదే: కొత్త పద్దు ఎప్పుడూ చివరనే చేరుతుంది, పాతది దిద్దరు. వరసగా రాయడం వల్ల మామూలు హార్డ్‌డిస్క్ కూడా వేగంగా పనిచేస్తుంది.

ఎంత వేగంగా? 2014లో క్రెప్స్ మూడు సాధారణ సర్వర్లపై కొలిచి చూపాడు. 100 బైట్ల సందేశాలు ఒకే చోటి నుంచి పంపితే, మూడు ప్రతులతో సెకనుకు 7,86,980 చేరాయి. ప్రతులన్నీ అందాయన్న కబురు వచ్చేదాకా ఆగమని చెబితే ఆ లెక్క 4,21,823కు పడిపోయింది. భద్రతకు చెల్లించిన ధర అది.

అవి కంటెయినర్ (ప్రోగ్రాంను విడిగా, హద్దుల్లో నడిపే పెట్టె) లేని కొలతలు. ఒక ప్రోగ్రాం వాడే సీపీయూకీ మెమరీకీ హద్దు గీసే సీగ్రూప్స్ 2008లో లినక్స్ కెర్నెల్‌లో చేరాయి. 2013లో డాకర్ వచ్చాక కంటెయినర్ అందరి చేతికీ అందింది. కాఫ్కా వేగాన్ని కంటెయినర్‌లో పరీక్షించేటప్పుడు చిక్కు ఆ హద్దుల దగ్గరే.

రెండు కోర్ల కోటా ఇచ్చామనుకోండి. ప్రతి 100 మిల్లీసెకన్లకు 200 మిల్లీసెకన్ల సీపీయూ సమయం దక్కుతుంది. ఎనిమిది థ్రెడ్లు ఒక్కసారిగా పనిలోకి దిగితే అది 25 మిల్లీసెకన్లలోనే ఖర్చయిపోతుంది. మిగిలిన 75లో అన్నీ ఆగిపోవాల్సిందే. సగటు ఆలస్యంలో ఇది దాగిపోతుంది, నూటికి 99 సందేశాలు ఎంతలోపు చేరాయో చెప్పే 99వ పర్సెంటైల్ చూస్తే దొరికిపోతుంది.

మెమరీదీ అదే తంతు. కాఫ్కా డిస్క్ సమాచారాన్ని తన సొంత మెమరీలో దాచుకోదు, దాన్ని మెమరీలో ఉంచే కెర్నెల్ పేజ్ క్యాష్ మీద ఆధారపడుతుంది. కంటెయినర్‌లో ఆ క్యాష్ కూడా మెమరీ హద్దు లెక్కలోకే వస్తుంది. అందుకే కాసేపు నడిపి ఆపిన పరీక్ష క్యాష్ వేగాన్నే చూపుతుంది. మెమరీలో పట్టనంత సమాచారం రాసి, వెనకబడిన పాఠకుడి (సందేశాలు చదివే ప్రోగ్రాం) చేత పాతది చదివించినప్పుడే డిస్క్ అసలు శక్తి తెలుస్తుంది. జావా 10 రాకముందు, కాఫ్కాను నడిపే జేవీఎం ఈ మెమరీ హద్దును గుర్తించక, మొత్తం సర్వర్ మెమరీని చూసి హీప్ (తాను వాడుకునే మెమరీ) పరిమాణాన్ని లెక్కగట్టేది.

కాబట్టి సెకనుకు ఇన్ని లక్షల సందేశాలు అనే మాట ఒక్కటే చాలదు. సీపీయూ కోటా, మెమరీ హద్దు, ప్రతుల సంఖ్య, 99వ పర్సెంటైల్ ఆలస్యం పక్కన రాసి ఉంటేనే ఇంకొకరు అదే పరీక్ష తిరిగి చేసి సరిచూడగలరు.