ఆ పదకొండు మంది ఎక్కడికి పోయారు?

పోయిన సెమిస్టర్ చివర్లో మా హాస్టల్ మెస్ కమిటీ నాకో పని అప్పగించింది. ఇంటికెళ్లిన రోజులకి మెస్ డబ్బులు ఎవరికెంత తిరిగివ్వాలో లెక్క తేల్చాలి. "నువ్వు పవర్ బీఐ నేర్చుకుంటున్నావుగా, గంటలో అయిపోద్ది" అన్నారు సీనియర్లు. నాలుగు రోజులు పట్టింది. మూడు రోజులు నాకు తెలియకపోవడం వల్ల, ఒక రోజు నా తొందరపాటు వల్ల. మీకు ఇలాంటి పని తగిలితే ఆ నాలుగు రోజులు మిగులుతాయని ఇది రాస్తున్నాను.

నా దగ్గరున్నవి రెండు రకాల ఫైళ్లు. ఒకటి, ఆరు నెలల మెస్ హాజరు, నెలకో ఎక్సెల్ ఫైలు. రెండు, రోల్ నంబరు, పేరు, గది నంబరు ఉన్న విద్యార్థుల జాబితా.

కింద చేర్చడం, పక్కన చేర్చడం

పవర్ క్వెరీలో టేబుళ్లు కలపడానికి రెండు పద్ధతులున్నాయి. అపెండ్ అంటే ఒకదాని కింద ఒకటి పేర్చడం. నోటుబుక్కు అయిపోతే వెనకాల కాగితాలు కుట్టుకుంటాం కదా, అలాగన్నమాట. ఆరు నెలల హాజరుకి ఇదే కావాలి. కాకపోతే కాలమ్ పేర్లు అన్నిట్లో ఒకేలా ఉండాలి. ఒక ఫైల్లో 'రోల్ నంబర్', ఇంకోదాంట్లో 'హాల్ టికెట్ నంబర్' అని ఉంటే అవి రెండు వేర్వేరు కాలమ్‌లైపోయి, సగం గళ్లు ఖాళీగా మిగులుతాయి.

మర్జ్ అంటే పక్కన చేర్చడం. రెండు టేబుళ్లలోనూ ఉన్న ఒక కాలమ్‌ని (మనకి రోల్ నంబరు) పట్టుకుని, ఇటు వరుస పక్కన అటు వరుస తెచ్చి పెడుతుంది. హాజరు పక్కన పేరు, గది నంబరు రావాలంటే ఇది కావాలి.

లైసెన్సు దగ్గర ఆగిన బండి

శుభ్రం చేసిన టేబుళ్లు కమిటీలో అందరూ వాడుకోవాలని నేను డెస్క్‌టాప్‌లో కాకుండా ఆన్‌లైన్‌లో డేటాఫ్లో మొదలుపెట్టాను. మాకున్నది ప్రో లైసెన్సు. అపెండ్ చేయగానే, కంప్యూటెడ్ టేబుల్ రిఫ్రెష్ అవ్వాలంటే ప్రీమియం కావాలని మెసేజ్ వచ్చింది. టేబుళ్లు కలపడానికే ప్రీమియం కావాలేమో అనుకుని మూడు రోజులు వేరే దారులు వెతికాను.

అసలు సంగతి వేరు. డేటాఫ్లోలో ప్రతి క్వెరీకి 'ఎనేబుల్ లోడ్' అని ఒక టిక్ ఉంటుంది. టిక్ ఉంటే ఆ క్వెరీ ఫలితం ఒక టేబుల్‌గా దాచిపెడతారు. అలా దాచిన టేబుల్‌ని ఇంకో క్వెరీ వాడుకుంటే ఆ రెండోదాన్ని కంప్యూటెడ్ టేబుల్ అంటారు. ప్రీమియం కావాల్సింది దానికి. కలపడానికి కాదు.

కాబట్టి నెలవారీ ఆరు క్వెరీలకీ, విద్యార్థుల జాబితాకీ, నడిమి అపెండ్ క్వెరీకీ రైట్ క్లిక్ చేసి 'ఎనేబుల్ లోడ్' తీసేశాను. చివరి మర్జ్ క్వెరీకి మాత్రం ఉంచాను. అప్పుడు ముందువన్నీ విడి టేబుళ్లు కాకుండా ఆ చివరి క్వెరీలో మెట్లైపోతాయి. ప్రోలోనే పనైపోయింది. దీనికో ఖరీదుంది: ఒకే ఫైలుని నాలుగు క్వెరీలు వాడుకుంటే రిఫ్రెష్‌లో దాన్ని నాలుగుసార్లూ మొదట్నుంచి చదవాలి. మన సైజు ఫైళ్లకి అదేం లెక్కలోది కాదు.

అందరితో పంచుకునే అవసరం లేకపోతే డెస్క్‌టాప్‌లోనే కలుపుకోండి. అది ఉచితం, ఈ అడ్డూ ఉండదు. రిపోర్టుకి మాత్రమే అయితే అసలు మర్జ్ కూడా అక్కర్లేదు. మోడల్ వ్యూలో రోల్ నంబరు మీద రెండు టేబుళ్లకీ రిలేషన్‌షిప్ పెడితే చాలు.

నా తొందరపాటు

మర్జ్ చేసేటప్పుడు ఏ రకం జాయిన్ అని అడుగుతుంది. మామూలుగా లెఫ్ట్ ఔటర్ ఎంచుకుని ఉంటుంది. అంటే మొదటి టేబుల్‌లో వరుసలన్నీ ఉంచుతుంది, జత దొరకని చోట ఖాళీ వదులుతుంది. ఖాళీలు చూడ్డానికి బాగోవని నేను ఇన్నర్ ఎంచుకున్నాను. ఇన్నర్ జత దొరకని వరుసని తీసేస్తుంది. కింద చిన్నక్షరాల్లో 212 వరుసల్లో 201 కలిశాయని చెప్తూనే ఉంది. నేను చదవలేదు.

జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన సాయంత్రం మా రూమ్మేట్ వచ్చి, "ఒరేయ్, నా పేరు లేదేంట్రా?" అన్నాడు. వాళ్ల నాన్నకి ఆపరేషనని పందొమ్మిది రోజులు ఇంటి దగ్గరున్నాడు. రోజుకి 60 చొప్పున 1,140 రూపాయలు. వాడు మామూలుగానే అడిగాడు, నాకే తల కొట్టేసినట్టయింది.

వెంటనే జాయిన్ రకాన్ని లెఫ్ట్ యాంటీకి మార్చాను. జత దొరకని వరుసల్ని మాత్రమే చూపించే రకం అది. పదకొండు రోల్ నంబర్లు వచ్చాయి. అన్నిట్లోనూ 5ఎ ఉంది. అంటే అందరూ డిప్లొమా చదివి, ఈసెట్ రాసి, నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాళ్లే. నేను తెచ్చుకున్నది మొదటి సంవత్సరం అడ్మిషన్ల జాబితా. అందులో వాళ్లు ఎలా ఉంటారు? ఆఫీసుని అడగాల్సింది నేను, అడగలేదు.

అందుకే ఇప్పుడు మూడు అలవాట్లు చేసుకున్నాను. కలిపే ముందు రోల్ నంబర్లలో ఖాళీలు ట్రిమ్ చేసి, అన్నీ పెద్దక్షరాల్లోకి మారుస్తాను. పవర్ క్వెరీకి చిన్న 'ఎ', పెద్ద 'ఎ' ఒకటి కావు. రెండోది, జాబితాలో ఒకే నంబరు రెండుసార్లు ఉందేమో చూస్తాను. ఉంటే హాజరు వరుస కూడా రెండవుతుంది, డబ్బులూ రెండింతలు లెక్కపడతాయి. మూడోది, ప్రతి మర్జ్ తర్వాత ఒకసారి లెఫ్ట్ యాంటీ పెట్టి ఎవరు మిగిలిపోయారో చూస్తాను.

సాఫ్ట్‌వేర్ లైసెన్సు లేకపోతే మెసేజ్ ఇచ్చి ఆపుతుంది. మనిషి తప్పిపోతే మాత్రం ఆపదు. ఆ లెక్క మనమే చూసుకోవాలి. మర్నాడు కొత్త జాబితా పెట్టాం. అందులో 212 పేర్లున్నాయి, ఈసారి నేనే వేలు పెట్టి లెక్కపెట్టాను.