చరిత్ర, కల్పన – నడుమ నున్న పొర

చరిత్ర యెక్కడ ముగియును, కల్పన యెక్కడ మొదలగును అను ప్రశ్న సాహిత్యమున పాతదే. కాని ఆధునికోత్తర నవలలని విమర్శకులు పేర్కొను రచనలు వచ్చిన పిమ్మట దానికి కొత్త పదును కలిగినది. అమెరికా రచయిత డాక్టరో 1975లో వెలువరించిన ‘రాగ్‌టైమ్’ నవలలో ధనికుడు మోర్గన్, మోటారు కార్ల ఫోర్డ్ వంటి నిజమైన వ్యక్తులు, ఎన్నడును జరుగని సమావేశములలో కలిసికొందురు. సల్మాన్ రష్దీ 1981 నాటి ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’లో కథకుడు గాంధీజీ మరణించిన తేదీని తప్పుగా చెప్పును, తప్పని తెలిసియు దిద్దుకొనడు. చరిత్రయు ఎవరో ఒకరు ఏరి కూర్చిన కథనమే కనుక దానిని ప్రశ్నించు హక్కు తనకు కలదని ఇట్టి నవల వాదించును.

ఈ వాదమును పరీక్షించుటకు దూరదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదుకు పడమట నున్న వికారాబాదు, తాండూరు ప్రాంతము చాలును. వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో మూసీ పుట్టుచున్నది. దాని పూర్వనామము ముచుకుందా నది యని చెప్పుదురు. దేవతల పక్షమున పోరి అలసిన ముచుకుందుడు గుహలో నిద్రించుచుండగా, కృష్ణుని తరుముకొనుచు వచ్చిన కాలయవనుడు ఆతనిని తన్ని లేపి, ఆ చూపునకే భస్మమయ్యెనని భాగవత కథ. ఆ గుహ ఇక్కడిదే యని అనంతగిరి భక్తుల విశ్వాసము. కొండ దిగినచో వచ్చు ఊరికి మాత్రము 1893 నుండి 1901 వరకు నిజాం రాజ్యమున దివానుగా నుండిన నవాబు వికారుల్ ఉమ్రా పేరు నిలిచినది. ఒకటి పురాణము, వేరొకటి దస్తావేజు. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచి వేలాది ప్రాణములు గొన్నది ఈ మూసీయే. ముచుకుందుని కథ నమ్మువాడును ఆ వరదను మరువలేదు. రెంటిని ఒకే నోట చెప్పును గాని, ఒకదానికి మారుగా వేరొకదానిని చెప్పడు.

అట్లు మారుగా చెప్పినచో ఏమగునో తెలుపు గ్రంథమొకటి నిజాం రాజ్యముననే పుట్టినది. నిజాం కొలువులోని ఆంగ్లేయుడు మెడోస్ టేలర్ 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ అను నవలను ప్రకటించెను. అమీర్ అలీ యను ఠగ్గు తన నేరములను ఒక దొర యెదుట ఒప్పుకొనుచున్నట్లు ఆ కథ సాగును. అది నిజమైన వాఙ్మూలములపై ఆధారపడినదని రచయిత చెప్పుకొనుటచే, ఆంగ్ల పాఠకులు పలువురు దానిని వృత్తాంతముగనే గ్రహించిరి. ఠగ్గులను గూర్చిన ఆ చిత్రమున వాస్తవమెంత, పాలకుల భయమెంత అని తరువాతి చరిత్రకారులు తర్కింపవలసి వచ్చినది.

తెలుగువారికి ఈ కలయిక కొత్తది కాదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో ప్రకటించిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ గ్రంథమున ఒక ముఖ్యమైన ప్రతిపాదన కలదు. దక్షిణదేశమున చరిత్ర వేరొక ప్రక్రియగా గాక, ఆయా కాలములలో వాడుకలో నున్న కావ్య, గాథా రూపములలోనే వెలసినదనియు, పలుకు తీరును బట్టి ఏది చరిత్రయో నాటి పాఠకుడు గుర్తించెడివాడనియు వారి మతము. 1757 నాటి బొబ్బిలి యుద్ధ గాథలు వారి ఉదాహరణములలో నున్నవి. ఇటీవలి కాలమున విశ్వనాథ సత్యనారాయణ పండ్రెండు నవలల ‘పురాణవైర గ్రంథమాల’లో పాశ్చాత్యుల కాలనిర్ణయమును త్రోసిపుచ్చి, పురాణములలోని రాజవంశావళులను ఆధారము చేసికొనెను. రష్దీ చరిత్రను శంకించుటకు నవల వ్రాయగా, విశ్వనాథ వేరొక చరిత్రను నిలుపుటకు వ్రాసెను. పనిముట్టు ఒకటే, పని వేరు.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదనుటకు 1948 సాక్ష్యము. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’ వంటి నవలల వలన, దస్తావేజులకెక్కని తెలంగాణ పల్లెవాసుల వెతలు తరువాతి తరములకు తెలిసినవి. అచట కల్పన చరిత్రకు చేసిన ఉపకారము గొప్పది. కాని అదే సంవత్సరము సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య పిమ్మటి హింసను విచారించిన పండిత సుందర్‌లాల్ సంఘము, 27 వేల నుండి 40 వేలమంది మరణించిరని అంచనా వేసెను. మిక్కిలి నష్టపోయిన నాలుగు జిల్లాలలో గుల్బర్గా ఒకటి; 1956లో రాష్ట్రముల పునర్విభజన నాటికి తాండూరు తాలూకా ఆ జిల్లాలోనిదే. ఆ నివేదిక దశాబ్దముల పాటు వెలుగు చూడక, 2013 నాటికి గాని జనులకు అందలేదు. అంతవరకు ఒక ఇంట రజాకార్ల దౌర్జన్యపు కథ, వేరొక ఇంట సైన్యము వచ్చిన తరువాతి కథ మిగిలినవి. రెండును నిజములే. చరిత్రయంతయు కథనమే యన్న మాటను తుదివరకు లాగినచో, ఆ రెండిళ్ల మృతులలో ఎవరినైనను కల్పితులని కొట్టివేయ వచ్చును. లేనిపోని అంకెలు చేర్చువానికిని, ఉన్న మృతులను కాదనువానికిని ఆ మాటయే అక్కరకు వచ్చును.

తాండూరు గనులలోని నాపరాయి చూపునకు ఒకే బండ. పొర తెలిసి విడదీసినచో పలకలగును. మంచి చారిత్రక నవలయు అట్టిదే. దానిలో కల్పన ఎంతయైన నుండవచ్చును. పొర మాత్రము పాఠకునికి దొరకవలెను. తప్పు తేదీని తప్పేయని చాటిన రష్దీ ఆ పొరను చూపెను. వాఙ్మూలమని నమ్మించిన టేలర్ దానిని కప్పివేసెను. దస్తావేజు మౌనము వహించిన చోట నవల మాటాడుట ధర్మమే. అయితే దస్తావేజు నోరు తెరచిన నాడు, తాను చెప్పిన దానిలో ఊహ ఎంతయో ఒప్పుకొనుటకు నవల సిద్ధముగా నుండవలెను.