గాజు తొట్టిలో పగడాల సముద్రం

పగడం అనగానే మనకు నగలు గుర్తుకు వస్తాయి. నవరత్నాలలో ఒకటిగా పేరు పొందిన పగడం నిజానికి గనిలో దొరికే రాయి కాదు. సముద్రంలో బతికే ఒక చిన్న జీవి తన శరీరానికి ఆధారంగా కట్టుకున్న గట్టి నిర్మాణమే అది. అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలో, కోడిగుడ్డు పెంకులో, గవ్వలో, ఆల్చిప్పలో ఉండేదీ ఇదే పదార్థం.

పగడపు జీవులలో చాలా రకాలు ఉన్నాయి. వాటిలో రాతి పగడాలు గుంపులుగా జీవిస్తాయి. ఒక్కొక్క జీవిని పాలిప్ అంటారు. అది మెత్తగా, చిన్న పువ్వులా ఉంటుంది. సముద్రపు నీటిలో కరిగి ఉన్న పదార్థాలను తీసుకొని తన అడుగున గిన్నెలాంటి గూడు కట్టుకుంటుంది. తరతరాల గూళ్ళు ఒకదానిపై ఒకటి పేరుకొని పెద్ద దిబ్బలవుతాయి. వీటినే ప్రవాళ భిత్తికలు అంటారు. మన దేశంలో ఇవి లక్షద్వీపాలలో, అండమాన్ నికోబార్ దీవులలో, తమిళనాడులోని మన్నార్ సింధుశాఖలో, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖలో ఉన్నాయి. కర్ణాటకలోని నేత్రాణి దీవి దగ్గర, మహారాష్ట్రలోని మాల్వణ్ తీరంలో కూడా పగడాలు కనిపిస్తాయి.

ఇంత పెద్ద దిబ్బలను కట్టే జీవులను గాజు తొట్టిలో పెంచవచ్చా? పెంచవచ్చు. అనేక దేశాలలోని మత్స్యప్రదర్శనశాలలలో, పరిశోధనశాలలలో ఇలా పెంచుతున్నారు. ఉప్పునీరు, వెచ్చదనం, వెలుతురు, నీటి కదలిక సమకూర్చితే పగడాలు బతుకుతాయి. కాని అవి పెరగడం మొదలుపెట్టగానే కొత్త చిక్కు వస్తుంది. ఇల్లు కట్టేవారికి ఇటుక, సున్నం కావలసినట్లే పగడానికీ సామగ్రి కావాలి. తొట్టిలో ఆ సామగ్రి తరిగిపోతూ ఉంటుంది.

సముద్రంలో ఈ చిక్కు లేదు. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని రాళ్ళను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ కరిగిన పదార్థాలను కృష్ణ, గోదావరి, మహానది వంటి నదులు సముద్రానికి చేరుస్తాయి. గాజు తొట్టిలోకి ఏ నదీ రాదు. కాబట్టి నది చేసే పనిని తొట్టిని చూసుకొనే మనిషే చేయాలి.

మూడు ముఖ్య పదార్థాలు

తొట్టిలో ముఖ్యంగా గమనించవలసినవి మూడు: కాల్షియం, క్షారత, మెగ్నీషియం. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం, సుమారు 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. క్షారత అంటే ఆమ్లాన్ని తట్టుకోగల శక్తి. సముద్రపు నీటికి ఈ శక్తి ఎక్కువగా బైకార్బొనేట్, కార్బొనేట్‌ల వల్ల వస్తుంది. దీనిని మిల్లీ ఈక్వివలెంట్లలో కొలుస్తారు. సముద్రపు నీటిలో ఇది లీటరుకు సుమారు 2.3 ఉంటుంది. పగడాల తొట్టిలో కాల్షియం 400 నుండి 450 వరకు, క్షారత 2.5 నుండి 4 వరకు, మెగ్నీషియం 1,250 నుండి 1,350 వరకు ఉండేలా చూస్తారు.

వీటిలో ముందుగా తరిగేది ఏది? ఒక లెక్క వేసి చూద్దాం. 200 లీటర్ల తొట్టి ఉందనుకోండి. అందులోని పగడాలు 10 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను కట్టుకున్నాయి. అందులో కాల్షియం 4 గ్రాములు. అంటే లీటరుకు 20 మిల్లీగ్రాములు తగ్గింది. 420 ఉన్నది 400 అయింది. ఇది పెద్ద తగ్గుదల కాదు. కాని అదే 10 గ్రాములు కట్టడంలో క్షారత లీటరుకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ తగ్గుతుంది. 2.5 ఉన్నది 1.5 అవుతుంది. నూటికి నలభై వంతులు పోయిందన్నమాట!

ఇంట్లో బియ్యం బస్తా, పప్పు డబ్బా ఉన్నాయనుకోండి. వంటకు రెండూ రోజూ వాడతాం. అయినా ముందు ఖాళీ అయ్యేది పప్పు డబ్బానే. కాల్షియం బస్తా వంటిది. క్షారత డబ్బా వంటిది. అందుకే తొట్టిని చూసుకొనేవారు క్షారతను అన్నిటికంటే తరచుగా పరీక్షిస్తారు. కొలిచిన నీటిలో రంగు మారే సూచికను వేసి, ఆమ్లాన్ని చుక్కచుక్కగా కలుపుతారు. రంగు మారడానికి ఎన్ని చుక్కలు పట్టాయో లెక్కించి క్షారతను తెలుసుకుంటారు.

మెగ్నీషియం కాపలా

పగడం మెగ్నీషియాన్ని చాలా తక్కువగా వాడుకుంటుంది. మరి అది ఎందుకు అవసరం? సముద్రపు నీటి పైపొరలలో కాల్షియం, కార్బొనేట్ రెండూ విడిపోయి అడుగున పడగలిగినంత ఎక్కువగా ఉంటాయి. అలా పడకుండా ఆపడంలో మెగ్నీషియం పాత్ర పెద్దది. కాల్షియం కార్బొనేట్ స్ఫటికం పుట్టగానే మెగ్నీషియం వెళ్ళి దాని పైభాగానికి అంటుకుంటుంది. గోడ వరుసలో కొలతకు సరిపడని ఇటుక ఇరుక్కుంటే ఆ వరుస ముందుకు సాగదు కదా! అలాగే ఆ స్ఫటికం పెరుగుదల ఆగిపోతుంది.

మెగ్నీషియం బాగా తగ్గితే ఈ కాపలా సడలుతుంది. అప్పుడు నీటిని వేడిచేసే కడ్డీమీద, పంపులలో తెల్లని పెచ్చులు కడతాయి. కాల్షియం ఎంత కలిపినా, క్షారత ఎంత పెంచినా అవి పగడానికి అందకుండా పెచ్చులుగా మారిపోతాయి. ఎంత కలిపినా కొలతలు నిలవనప్పుడు మెగ్నీషియాన్ని పరీక్షించాలి.

లోటు తీర్చే మార్గాలు

పగడాలు కొద్దిగా ఉంటే కొంత నీరు తీసివేసి, కొత్తగా కలిపిన ఉప్పునీరు పోస్తే సరిపోతుంది. పగడాలు ఎక్కువైతే అది చాలదు.

రెండో మార్గం సున్నపు తేట. సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే అది పాలలా తెల్లబడడం మీరు ప్రయోగశాలలో చూసి ఉంటారు. ఆ తెలుపు కాల్షియం కార్బొనేటే. తొట్టికి సున్నపు తేట పోస్తే కాల్షియం, క్షారత రెండూ పగడం వాడుకొనే పాళ్ళలోనే చేరుతాయి. జర్మన్ భాషలో దీనిని కాల్క్‌వాసర్ అంటారు. ఆ మాటకు అర్థం కూడా సున్నపు నీరే. తొట్టిలోంచి ఆవిరైపోయేది మంచినీరే, ఉప్పు మిగిలిపోతుంది. ఉప్పుమడులలో జరిగేదీ ఇదే. కాబట్టి ఆవిరైన నీటికి బదులుగా మంచినీటితో చేసిన ఈ తేటను పోస్తారు. సున్నపు తేట చాలా ఘాటైన క్షారం. దానిని చుక్కచుక్కగానే పోయాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే జీవులు చనిపోతాయి. దీనికి శుద్ధమైన సున్నమే వాడాలి. కళ్ళకు, చర్మానికి తగలనీయకూడదు.

మూడో మార్గంలో రెండు సీసాలు ఉంటాయి. ఒకదానిలో కాల్షియం క్లోరైడ్ ద్రావణం, రెండోదానిలో వంటసోడా ద్రావణం. రెంటినీ వేరువేరుగా, కొంత వ్యవధి ఇచ్చి పోయాలి. కలిపి పోస్తే అవి పరస్పరం చర్య జరిపి తెల్లని మడ్డిగా మారి వృథా అవుతాయి.

మార్గం ఏదైనా నియమం ఒకటే. ముందు కొలవాలి, తరువాత కలపాలి, మళ్ళీ కొలవాలి. పడిపోయిన క్షారతను ఒక్క రోజులో పైకి తేవాలని తొందరపడకూడదు. కొన్ని రోజులలో కొద్దికొద్దిగా పెంచాలి. కొలత కొంచెం తక్కువైనా నిలకడగా ఉంటే పగడం ఓర్చుకుంటుంది. రోజుకొక తీరుగా మారితే ఓర్చుకోలేదు.

పెద్ద తొట్టి

అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో బయోస్ఫియర్-2 అనే పెద్ద గాజు కట్టడం ఉంది. అందులో సుమారు 26 లక్షల లీటర్ల కృత్రిమ సముద్రాన్ని, పగడాలను ఏర్పాటు చేశారు. 1990లలో శాస్త్రవేత్తలు ఆ నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను మారుస్తూ పరిశీలించారు. కార్బొనేట్ తగ్గినప్పుడు పగడాలు, ఇతర సున్నపు జీవులు కట్టే సున్నం కూడా తగ్గిందని తేల్చి 2000లో ప్రకటించారు.

ఈ విషయం మనందరికీ సంబంధించినది. బొగ్గు, పెట్రోలు మండించడం వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నది. అందులో కొంత సముద్రంలో కరిగి, పగడానికి కావలసిన కార్బొనేట్‌ను తగ్గిస్తున్నది. 200 లీటర్ల తొట్టిలో లోటును సున్నపు తేటతో తీర్చవచ్చు. సముద్రానికి అలా చుక్కచుక్కగా పోయడం మన తరం కాదు.

మన తీరంలో మరొక నష్టం కూడా జరిగింది. మన్నార్ సింధుశాఖలో కొన్ని దశాబ్దాలపాటు సున్నం తయారీకి, కట్టడాలకు పగడపు దిబ్బలను తవ్వారు. అలల ధాటిని ఆపే దిబ్బలు పోవడంతో తీరం కోతకు గురైంది. అక్కడి 21 దీవులలో విలంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు నీట మునిగాయి. 1986లో ఈ ప్రాంతాన్ని సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. 2001 నుండి దేశమంతటా రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. వాటిని సముద్రం నుండి తీయడం నేరం.

తొట్టిలో పది గ్రాముల పగడం పెరగడానికి ఎంత శ్రద్ధ అవసరమో ఇప్పుడు మీకు తెలిసింది. తీరంలో మిగిలిన దిబ్బలను చూసినప్పుడు ఆ లెక్కను గుర్తుచేసుకోండి.

ప్రశ్నలు

1. సముద్రానికి కాల్షియం ఎలా చేరుతుంది? తొట్టిలో ఆ పని ఎవరు చేయాలి?
2. కాల్షియం కంటే క్షారతను తరచుగా ఎందుకు పరీక్షిస్తారు?
3. మెగ్నీషియం తగ్గితే తొట్టిలో ఏం జరుగుతుంది?
4. 400 లీటర్ల తొట్టిలో పగడాలు 10 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కట్టుకుంటే కాల్షియం లీటరుకు ఎంత తగ్గుతుంది?
5. ఈ పదాలను సొంత వాక్యాలలో ఉపయోగించండి: నిలకడ, తేట, లోటు, కాపలా.