ఫోనులో సర్కారు, పక్కన మనిషి

సింగపూర్ పేరు మీరు వినే ఉంటారు. మన వైపు నుంచి అక్కడికి పనికి, చదువుకి వెళ్ళిన వాళ్ళున్నారు. అది ఒక చిన్న దీవి దేశం. చుట్టూ సముద్రం. ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 50 కిలోమీటర్లు. అంత చిన్న చోట దాదాపు 60 లక్షల మంది ఉంటారు.

ఆ దేశంలో సర్కారు పనులు చాలావరకు ఫోనులోనే అయిపోతాయి. ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. మరి ఫోను వాడటం రాని వాళ్ళ సంగతేమిటి? అక్షరం ముక్క రాని వాళ్ళ సంగతేమిటి? అది తెలుసుకుందాం.

ఒకే తాళంచెవి

ఆఫీసుకి వెళ్తే మొదట ఏమడుగుతారు? "మీరెవరు? రుజువేది?" అంటారు. ఫోనులో పని చేసుకోవాలన్నా ఆ రుజువు కావాలి. అందుకని సింగపూర్ ప్రభుత్వం 2003లో ఒక ఏర్పాటు చేసింది. దాని పేరు సింగ్‌పాస్. 2018లో అది సెల్‌ఫోను యాప్‌గా కూడా వచ్చింది.

సింగ్‌పాస్ ఒక తాళంచెవి లాంటిది. ఒక్క చెవితో చాలా తలుపులు తెరుచుకుంటాయి. పన్ను కట్టాలన్నా అదే. ప్రావిడెంట్ ఫండులో సొమ్ము ఎంతుందో చూడాలన్నా అదే. సర్కారు కట్టిన ఇంటికి దరఖాస్తు పెట్టాలన్నా అదే. బిడ్డ పుడితే ఫోనులోనే నమోదు చెయ్యొచ్చు. 2022 మే 29 నుంచి జనన పత్రం కూడా ఫోనులోనో, కంప్యూటరులోనో దించుకోవాల్సిందే. పాతకాలం కాగితం పత్రం ఇవ్వడం మానేశారు.

వెనకబడింది ఎవరు?

పని తేలికయింది. కానీ అందరికీ కాదు.

2024 లెక్కల ప్రకారం సింగపూర్ పౌరుల్లో అయిదుగురికి ఒకరు 65 ఏళ్ళు నిండిన వాళ్ళు. వాళ్ళ చిన్నతనంలో చాలా ఇళ్ళల్లో ఆడపిల్లల్ని బడికి పంపలేదు. ఇన్నాళ్ళూ కౌంటరు దగ్గర మనిషిని అడిగితే పనయ్యేది. ఇప్పుడు ఫోను అద్దం మీద వేలితో నొక్కమంటే భయమేస్తుంది. తప్పు నొక్కితే డబ్బు పోతుందేమోనని దిగులు.

అప్పుడేమవుతుంది? కొడుకునో, మనవరాలినో బతిమాలుకోవాలి. తన సొమ్ము ఎంతుందో వాళ్ళు చెబితేనే తెలుస్తుంది. తన పేరు మీద ఏ కాగితం పెట్టారో కూడా వాళ్ళు చెప్పాల్సిందే. తన పని తన చేతిలో ఉండదు. వేలిముద్ర వేసిన రోజుల్లో మనం పడిన ఇబ్బందే ఇది. కాగితం పోయి ఫోను వచ్చింది, అంతే తేడా.

ఏమేం చేశారు?

మొదటిది భాష. ఆ దేశంలో అధికార భాషలు నాలుగు. ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. సింగ్‌పాస్ యాప్ 2021 నుంచి ఈ నాలుగు భాషల్లోనూ ఉంది. తెలుగు మాత్రం లేదు. అక్కడి తెలుగువాళ్ళు 1975లోనే సింగపూర్ తెలుగు సమాజం పెట్టుకున్నారు. అయినా వాళ్ళు ఈ పని ఇంగ్లీషులోనో, తమిళంలోనో చేసుకోవాల్సిందే.

రెండోది మనిషి. 2020లో కరోనా వచ్చింది. అవసరం లేకుండా బయటికి వెళ్ళడానికి లేదు. చాలా పనులు ఫోనులోకి మారాయి. అప్పుడు ప్రభుత్వం 1,000 మందిని పనిలోకి తీసుకుంది. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని ఫోను వాడటం నేర్పడమే వాళ్ళ పని. తిండి కొట్లు నడిపే వాళ్ళకీ ఫోనులో డబ్బు తీసుకోవడం నేర్పారు. ఒకసారి చెబితే రాకపోతే మళ్ళీ చెప్పాలి. సాక్షరతా కేంద్రంలో అక్షరాలు నేర్చుకున్న వాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు.

మూడోది నమ్మకస్తుల ఫోను. సింగ్‌పాస్ వాడేటప్పుడు ఫోనుకి ఓటీపీ నంబరు వస్తుంది. సొంత ఫోను లేని ముసలామె ఏం చెయ్యాలి? తనకి నమ్మకమున్న మనిషి ఫోను నంబరును ముందుగానే నమోదు చేయించుకోవచ్చు. ఎవరిని నమ్మాలో ఆమే తేల్చుకుంటుంది.

నాలుగోది కాగితం. ఇది వివరంగా చూద్దాం.

వోచర్ల కథ

ధరలు పెరిగినప్పుడు సింగపూర్ ప్రభుత్వం ఇంటింటికీ సాయం ఇస్తోంది. వీటిని సీడీసీ వోచర్లు అంటారు. 2024 జనవరిలో ఒక్కో ఇంటికి 500 సింగపూర్ డాలర్లు ఇచ్చారు. మన లెక్కలో అప్పట్లో 30 వేల రూపాయల పైమాటే.

వోచర్లు ఫోనులో వస్తాయి. ఇంట్లో ఒకరు సింగ్‌పాస్‌తో తీసుకుంటే చాలు. కొట్టుకెళ్ళి ఫోను చూపిస్తే కొట్టు వాళ్ళు అందులోని గళ్ళ బొమ్మని ఫొటో తీసుకుంటారు. అంత సొమ్ము తగ్గిపోతుంది.

ఫోను లేని వాళ్ళు తమ పేట కమ్యూనిటీ క్లబ్బుకి వెళ్తారు. గుర్తింపు కార్డు పట్టుకెళ్తే చాలు. అక్కడి వాళ్ళు దగ్గరుండి సాయం చేస్తారు. వోచర్లు కాగితం మీద అచ్చేసి చేతికిస్తారు. ఆ కాగితం చూపించినా కొట్టులో సరుకు ఇస్తారు. విలువ ఒక్కటే.

అయితే ఈ సాయం పౌరులున్న ఇళ్ళకే. వేరే దేశాల నుంచి పనికి వెళ్ళిన కూలీలకి ఇది రాదు.

మాట నిలబెట్టుకోవాలి

కరోనా రోజుల్లో ఇంకో సంగతి జరిగింది. జబ్బు వచ్చిన మనిషి దగ్గర ఎవరెవరు తిరిగారో కనిపెట్టడానికి ఒక యాప్ పెట్టారు. ఫోను లేని పెద్దవాళ్ళకి 2020 జూన్‌లో చిన్న బిళ్ళలు పంచారు. సంచిలో వేసుకుంటే చాలు, అదే పని చేస్తుంది. మంచి ఆలోచనే.

ఆ వివరాలు జబ్బు పని కోసమే వాడతామని మొదట చెప్పారు. కానీ 2021 జనవరిలో, పోలీసులు కూడా చూడొచ్చని పార్లమెంటులో బయటపడింది. జనం గట్టిగా నిలదీశారు. ఫిబ్రవరిలో చట్టం తెచ్చారు. ఏడు రకాల పెద్ద నేరాల్లో తప్ప పోలీసులు ఆ వివరాలు వాడకూడదన్నారు. మన వివరాలు తీసుకునేటప్పుడు ఎందుకని అడగడం తప్పు కాదు. అది మన హక్కు.

తాళంచెవి భద్రం

తాళంచెవి దొంగకి దొరికితే ఏమవుతుంది? సింగపూర్‌లోనూ మోసగాళ్ళున్నారు. "పోలీసులం, ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోను చేస్తారు. నంబర్లు చెప్పించుకుని సొమ్ము ఊడ్చేస్తారు. అందుకే 2024 జూలై నుంచి సర్కారు పంపే మెసేజీలు చాలావరకు ఒకే పేరుతో వస్తున్నాయి. అనుమానమొస్తే 1799 నంబరుకి ఫోను చేసి అడగొచ్చు. ఈ నంబరు అక్కడ మాత్రమే పని చేస్తుంది.

ఓటీపీ మనకీ వస్తుంది. అది సంతకం లాంటిది. అడిగిన వాళ్ళందరికీ తెల్లకాగితం మీద సంతకం పెట్టిస్తామా? ఓటీపీ కూడా అంతే. ఫోనులో అడిగిన వాళ్ళకి చెప్పకూడదు.

సర్కారు పని ఫోనులోకి వస్తే మంచిదే. తిరుగుడు తగ్గుతుంది. కూలి పోదు. కానీ చెప్పే మనిషి పక్కన ఉండాలి. రాని వాళ్ళకి కాగితం దారి తెరిచే ఉంచాలి. అప్పుడే అది అందరి పని అవుతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. సింగపూర్‌లో ఫోను లేని వాళ్ళు వోచర్లు ఎలా తీసుకుంటారు?
2. మీ ఇంట్లో ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది? ఎందుకు వచ్చిందో మీకు చెబుతున్నారా?
3. మీ ఊళ్ళో ఫోను వాడటం రాని వాళ్ళకి ఎవరు నేర్పగలరు?