బొంత పరీక్షలో కుట్టుమిషను

చేతితో కుట్టేటప్పుడు సూది గుడ్డను పూర్తిగా దాటి అవతలికి పోతుంది, అక్కడ వేళ్ళకు చిక్కి మళ్ళీ ఇవతలికి వస్తుంది, దాని వెంట బారెడు దారం కూడా ప్రతి కుట్టుకూ గుడ్డలోంచి జారుతూ పోవాలి. ఈ పనిని ఉన్నదున్నట్టు యంత్రం చేత చేయించాలని చూసినంత కాలం కుట్టుమిషను పుట్టలేదు. సూదిని అవతల అందుకునే రెండో చెయ్యి యంత్రానికి లేదు, దానిని కల్పించాలని ప్రయత్నించినవారందరూ విఫలమయ్యారు. సూది గుడ్డను దాటిపోనక్కర లేదని, దాని కొన మాత్రం కిందికి దిగి, దారాన్ని అక్కడికి చేర్చి, వచ్చిన దారినే వెనక్కి వస్తే చాలునని గ్రహించిన తరువాతనే దారి దొరికింది. అందుకోసం సూది బెజ్జం తల వైపు నుంచి మొన వైపుకు మారవలసి వచ్చింది. చూడడానికి ఇంత చిన్నదిగా కనిపించే మార్పు మనిషి మనసుకు తట్టడానికి, తట్టినవారి చేతుల్లో అది పనిచేసే యంత్రంగా నిలవడానికి చాలా దశాబ్దాలు పట్టింది.

1790లో థామస్ సెయింట్ అనే ఆంగ్లేయుడు తోలు కుట్టే యంత్రానికి ఇంగ్లండులో పేటెంటు పొందాడు. దానిలో ముందుగా ఒక ఆర రంధ్రం చేస్తుంది, ఆ రంధ్రంలోకి సూది దారాన్ని దించుతుంది. అయితే ఆ పేటెంటు ఇతర వస్తువుల వివరాలతో కలగలిసి దస్త్రాలలో ఎక్కడో మరుగునపడి, 1870ల దాకా ఎవరి కంటా పడలేదు. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమొనియే అనే దర్జీ 1830లో పేటెంటు పొందిన యంత్రం కాగితం మీదనే ఆగిపోలేదు. కొక్కెం వంటి మొన ఉన్న సూదితో పనిచేసే ఆ యంత్రాలను పారిస్‌లో సుమారు 80 వరకు నెలకొల్పి సైనికుల దుస్తులు కుట్టించారు. తమ కూడు పోతుందని భయపడిన దర్జీలు 1831లో గుంపుగా వచ్చి వాటిని ధ్వంసం చేశారు. తిమొనియే 1857లో పేదరికంలోనే మరణించాడు. ఆ దర్జీల కోపాన్ని అజ్ఞానమని కొట్టివేయడం సులభమే గాని, కుట్టుకూలి మీద బతికేవారికి ఆ యంత్రం ఏమి చేయబోతున్నదో వారు సరిగానే అంచనా వేశారని ఒప్పుకోవాలి.

తిమొనియే యంత్రం వేసినది గొలుసు కుట్టు. ఒకే దారం తన ఉచ్చులోంచి తానే దూరుతూ సాగే ఈ కుట్టు చూడడానికి అందంగానే ఉంటుంది కాని, సరైన కొసను పట్టుకుని లాగితే మొదటి దాకా విడిపోతుంది. బియ్యం బస్తా మూతి దారాన్ని ఒక వైపు నుంచి లాగినప్పుడు సర్రున ఊడివచ్చేది ఈ కుట్టే, బస్తాకు అది సుగుణం కూడా. తొడుక్కునే బట్టకు అది పనికిరాదు. అక్కడ కావలసింది పై దారం, కింది దారం గుడ్డ మందం నడుమ ఒకదానినొకటి మెలివేసుకుని నిలిచే కుట్టు. ఎక్కడైనా దారం తెగినా ఆ కుట్టు పక్క కుట్లను వెంట లాక్కుపోదు. ఇంటి మిషన్లన్నీ ఈనాటికీ వేసేది ఈ రెండు దారాల కుట్టునే.

ఆ కుట్టును మొదట సాధించినవాడు న్యూయార్కుకు చెందిన వాల్టర్ హంట్. 1830ల తొలి సంవత్సరాలలోనే మొనలో బెజ్జం ఉన్న సూదిని, రెండో దారాన్ని మోసే నాడెను జతచేసి ఆయన యంత్రం నిర్మించాడు గాని, పేటెంటు తీసుకోలేదు. ఇటువంటి యంత్రం వస్తే కుట్టుపని మీద బతికే ఆడవారి గతి ఏమిటని కుమార్తె వారించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. 1849లో ఇదే హంట్ ఒక తీగముక్కను వంచి పిన్నీసు తయారుచేసి, దాని హక్కులను 400 డాలర్లకు అమ్మివేశాడు. బొంత కుట్టేవారి చేతిలో మిషనుతో పాటు పిన్నీసులు కూడా ఎందుకు ఉంటాయో ముందు ముందు తెలుస్తుంది.

హంట్ వదిలివేసిన చోటుకు మరో దారిలో చేరిన ఎలియాస్ హోవ్ 1846 సెప్టెంబరు 10న అమెరికాలో పేటెంటు సాధించాడు. ఈ యంత్రం ఎలా కుట్టు వేస్తుందో తెలియాలంటే సూదినే దగ్గరగా చూడాలి. మిషను సూదికి ఒక వైపు నిలువునా పొడవైన గాడి ఉంటుంది, దిగేటప్పుడు దారం ఆ గాడిలో ఒదిగి ఒరిపిడి లేకుండా కిందికి పోతుంది. రెండో వైపు బెజ్జానికి కాస్త పైన చిన్న నొక్కు మాత్రమే ఉంటుంది. సూది అట్టడుగుకు చేరి రెండు మిల్లీమీటర్ల మేర పైకి లేచేసరికి, గాడి లేని వైపు దారాన్ని గుడ్డ ఒరిపిడి పట్టి ఆపుతుంది, పైకి పోలేని దారం నొక్కు దగ్గర ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికే నాడె గాని, తిరిగే కొక్కెం గాని ఆ ఉచ్చులో దూరి, బాబిన్ లోని కింది దారాన్ని దానిలోంచి దాటిస్తుంది. ఆ వెంటనే పైనున్న దారపు మీట ఉచ్చును బిగించి, ముడిని గుడ్డ మందం మధ్యకు లాగుతుంది. సూదిని తిరగవేసి బిగిస్తే మిషను ఒక్క కుట్టు కూడా వేయకపోవడానికి కారణం ఇదే. ఉచ్చు రావలసిన వైపున రాదు, కొక్కెం ఖాళీగా తిరుగుతుంది.

హోవ్ యంత్రానికి పెద్ద లోపం ఒకటి ఉండేది. గుడ్డను సూదిమొనలున్న ఒక లోహపు పట్టీకి నిలువుగా గుచ్చి వేలాడదీయాలి, పట్టీ పొడవు అయిపోగానే యంత్రాన్ని ఆపి, గుడ్డను ఊడదీసి, పట్టీని వెనక్కి జరిపి మళ్ళీ గుచ్చాలి. 1851లో పేటెంటు పొందిన ఐజాక్ మెరిట్ సింగర్ ఈ అమరికను తలకిందులు చేశాడు. గుడ్డను బల్ల మీద పరిచి, సూదిని నిటారుగా పైనుంచి దించి, గుడ్డ ఎగరకుండా అదిమిపట్టే పాదాన్ని సూది పక్కన అమర్చాడు, చక్రం తిప్పే పనిని చేతి నుంచి కాళ్ళకు మార్చాడు. అయినా, గుడ్డను జరిపే విషయంలో చివరి మాట అలెన్ విల్సన్‌దే. పాదం కింద, బల్లలోని చీలికల్లోంచి పైకి వచ్చే రంపపు పళ్ళ వంటి వరుసలకు ఆయన 1854లో నాలుగు కదలికలు కల్పించాడు: పైకి లేచి గుడ్డను పట్టడం, ఒక కుట్టు మేర వెనక వైపు నెట్టడం, దిగిపోవడం, గుడ్డకు తగలకుండా మొదటి చోటుకు రావడం. ఈ విధానం వల్ల రెండు కుట్ల మధ్య గుడ్డ స్వేచ్ఛగా ఉంటుంది, దానిని ఎటు కావాలంటే అటు తిప్పి చంకను గాని, మెడను గాని గుండ్రంగా కుట్టవచ్చు. సింగర్ పేరు మోగినంతగా విల్సన్ పేరు మోగకపోవడం చరిత్ర చేసిన అన్యాయాలలో ఒకటి.

ఎవరి యంత్రం చూసినా దానిలో మరొకరి పేటెంటు ఉండడంతో వ్యాజ్యాలు పెచ్చుపెరిగి, 1856లో ప్రధాన కంపెనీలు, హోవ్ కలిసి పేటెంట్లన్నిటినీ ఒక ఉమ్మడి నిధిగా చేసుకున్నారు. అదే ఏడు సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ మిషన్లను వాయిదాల మీద అమ్మే పద్ధతి ప్రవేశపెట్టాడు. నూరు డాలర్లకు పైబడిన వస్తువును మొదట కొద్ది డాలర్లు చెల్లించి ఇంటికి తెచ్చుకునే వీలు అలా ఏర్పడింది. చేతితో కుడితే 14 గంటలకు పైగా పట్టే మగవారి చొక్కా మిషను మీద గంటా పావులో పూర్తవుతుందని అప్పటి అమ్మకందార్లు లెక్కలు చూపేవారు. యంత్రాలను తీవ్రంగా విమర్శించిన గాంధీజీ కూడా 1924లో ఒక సంభాషణలో ఈ మిషనును మినహాయింపుగా ఒప్పుకుని, భార్య పడే కష్టం చూడలేక సింగర్ ప్రేమతో దానిని కల్పించాడని అన్నారు. సింగర్ జీవితచరిత్ర ఈ మాటను బలపరచదు. నాటకాలు ఆడుతూ ఊళ్ళు తిరిగిన, పలు సంసారాలు నడిపిన ఆ మనిషి ఈ పనిలో దిగినది డబ్బు కోసమే. అయితే యంత్రం మనిషి చేతులను ఊడగొట్టకుండా వాటికి ఊతమివ్వాలన్న గాంధీజీ వాదానికి ఇంటి కుట్టుమిషను మంచి ఉదాహరణ అన్న మాట మాత్రం నిలుస్తుంది.

భారతదేశానికి ఈ యంత్రం పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో విదేశీ సరుకుగా వచ్చింది. 1930లలో కలకత్తాలోని జే ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషన్లను తయారుచేయడంతో మధ్యతరగతి ఇళ్ళలో స్థిరపడింది. తెలుగు ఇళ్ళలో దాని చక్రం ఋతువులను బట్టి తిరుగుతుంది. వేసవి సెలవుల్లో పిల్లల నూలు గౌన్లు, జూన్‌లో బడి యూనిఫారాలు, శ్రావణంలో పట్టు జాకెట్లు, చీరలకు ఫాల్సు, దసరాకు కొత్త బట్టలు. ఆయుధపూజ నాడు మాత్రం పని మాని పసుపు కుంకుమలతో మిషను కొలువు తీరుతుంది. చలికాలం ముంగిట వచ్చేది బొంత. పాత నూలు చీరలను పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి కుట్టే ఈ పనే, పైకి మోటుగా కనిపిస్తూ, యంత్రం సామర్థ్యాన్ని అన్నిటికన్న గట్టిగా పరీక్షిస్తుంది.

ఇటువంటి పని ఒక్క తెలుగునాటిదే కాదు. బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీల కవంది ఆ కుటుంబానికి చెందినవే. అమెరికాలో దీనిని క్విల్ట్ అంటారు, దానికి పొరలు మూడు: గుడ్డముక్కలు అతికి కూర్చిన పై పొర, నడుమ దూది, అడుగున అస్తరు. అక్కడి పల్లెల్లో ముక్కలు అతికే పనిని చలికాలంలో పొయ్యి దగ్గర కూర్చుని ముగించి, చట్రానికి బిగించి పొరలన్నిటినీ కలిపి కుట్టే పనిని ఎండలు వచ్చాక పదిమందీ చేరి చేయడం వాడుక. కుట్టుమిషను కొత్తగా వచ్చిన రోజులలో క్విల్టు పై పొర మీద మిషను కుట్టు కనబడేలా వేయడం గొప్పగా ఉండేది. ఇంట్లో అంత ఖరీదైన వస్తువు ఉన్నదని అది చాటిచెప్పేది. 1933లో మార్కెట్టుకు వచ్చిన సింగర్ ఫెదర్‌వెయిట్ అనే మిషను సుమారు అయిదు కిలోల బరువు మాత్రమే ఉండి, ఒక చేత్తో మోసుకుపోవడానికి వీలుగా ఉండడం వల్ల క్విల్టు కుట్టేవారు ఈనాటికీ దానిని వెతికి కొంటారు.

పొరలు కలిపి కుట్టేటప్పుడు చిక్కు ఎక్కడ వస్తుందో తెలుసుకోవాలంటే చిన్న పరీక్ష చాలు. సరిగ్గా మూరెడు పొడవుగా కత్తిరించిన రెండు గుడ్డ పట్టీలను ఒకదాని మీద ఒకటి పెట్టి, పిన్నీసులు లేకుండా, చేత్తో సర్దకుండా ఇంటి మిషను మీద కుడితే, చివరికి వచ్చేసరికి పై పట్టీ కింది దానికన్న కొంచెం పొడవుగా మిగిలిపోతుంది. విల్సన్ పళ్ళు కింది గుడ్డను మాత్రమే నెడతాయి, పై గుడ్డను పాదం అదిమి వెనక్కి పట్టి ఉంచుతుంది, అందువల్ల కింది పొర ముందు సాగి పై పొర వెనుకబడుతుంది. జాకెట్టు కుట్టులో ఈ తేడా కంటికి ఆనదు. పొరల మధ్య దూది గాని, నాలుగైదు మడతల పాత చీర గాని ఉన్నప్పుడు తేడా ఎన్నో రెట్లు పెరుగుతుంది, బొంత ఒక మూలన ముడతలు పడుతుంది, అడుగున గుడ్డ చిక్కుకుని కుట్టులో పడిపోతుంది.

దీనికి ప్రతివిధానాలు పుట్టాయి. పొరలన్నిటినీ ముందుగా జానెడు దూరానికొకటి చొప్పున పిన్నీసులతో పట్టి ఉంచడం వాటిలో చౌకైనది, హంట్ కనిపెట్టిన రెండు వస్తువులూ ఒకే పనిలో కలుసుకునేది ఇక్కడే. పై గుడ్డను కూడా కింది గుడ్డతో సమానంగా నడిపించే ‘వాకింగ్ ఫుట్’ అనే పాదం రెండో మార్గం. సూదిని బిగించే మరకు తగులుకునే చిన్న మీట దీనికి ఉంటుంది, సూది పైకి లేచినప్పుడల్లా పాదంలోని పై పళ్ళు ఒక అడుగు వేస్తాయి. మూడో మార్గం పళ్ళను పూర్తిగా దించివేసి, గుడ్డను రెండు చేతులతో స్వేచ్ఛగా జరుపుతూ లతలు, వంకీలు కుట్టడం. అప్పుడు కుట్టు పొడవును నిర్ణయించేది యంత్రం కాదు, చేతుల వేగం. చేయి తొందరపడితే కుట్లు పొడవవుతాయి, ఆగితే ఒకేచోట దారం పోగవుతుంది. పెద్ద క్విల్టును ఇంటి మిషను మెడ కింద చుట్టి ఇరికించడం కూడా కష్టమే కనుక, గుడ్డను కర్రలకు బిగించి ఉంచి మిషనునే చక్రాల మీద నడిపించే యంత్రాలు కూడా వచ్చాయి. అవి గదంత చోటు, లక్షల సొమ్ము కోరతాయి గనుక ఇంటివారి కథలో వాటికి పెద్దగా చోటు లేదు.

ఇంటి మిషను మీదే బొంత కుట్టదలచినవారికి రెండు విషయాలు ముఖ్యం. పలచని గుడ్డకు వాడే 11వ నంబరు సూది ఇక్కడ వంగిపోతుంది, 16 గాని 18 గాని కావాలి. 16 అంటే ఒక మిల్లీమీటరు మందం, 18 అంటే 1.1 మిల్లీమీటర్లు. కుట్టు పొడవును పెంచి, పైదారపు బిగువును కొంచెం తగ్గించి, మధ్య నుంచి అంచులకు కుట్టుకుంటూ పోవాలి. రెండోది నూనె. కొబ్బరినూనె ఇంట్లో దొరుకుతుంది కదా అని మిషనులో పోయడం చాలాచోట్ల ఉన్న అలవాటే. ఆ నూనె 24 డిగ్రీల సమీపంలో గడ్డకడుతుంది కనుక బొంతల కాలమైన పుష్య మాఘాలలోనే మిషను బిగుసుకుంటుంది, తరువాత జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది. ఇరుసులకు, కొక్కేనికి పలచని మిషను నూనె రెండు చుక్కలు చాలు.

ఇన్ని హంగులు ఉన్నా పసిపిల్లల బొంత విషయంలో తీర్పు చేతికే దక్కుతుంది. చేతి కుట్టు ఒకే దారంతో, కొంత వదులుగా గుడ్డ పైకీ కిందికీ సాగుతూ గుడ్డతో పాటు వంగుతుంది. మిషను కుట్టులో రెండు దారాలు బిగిసి వరుస వెంట గట్టి గీతలా నిలుస్తాయి, బొంత నిండా దగ్గరదగ్గరగా వేస్తే పాత చీరకు ఏళ్ళ తరబడి ఉతుకుల మీద వచ్చిన మెత్తదనం పోతుంది. అంచులకు, అతుకులకు మిషను, లోపలి నింపుకుట్టుకు చేయి అనే పద్ధతే ఇప్పటికీ అన్నిటికన్న మేలైనది.