స్నేహితులతో షికాగో: రెండు రోజుల ట్రిప్ ప్లాన్ చేద్దాం

మీ గ్రూప్ చాట్‌లో ఎవరో ఒకరు "ఈ వీకెండ్ ఎటైనా వెళ్దామా?" అని రాస్తారు. రెండు నిమిషాల్లో ఇరవై మెసేజ్‌లు వచ్చేస్తాయి. ఒకరు బోటు అంటారు, ఒకరు పిజ్జా అంటారు, ఒకరు షాపింగ్ అంటారు. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ఏ రైలు ఎక్కాలో కూడా ఎవరికీ తెలియదు. చివరికి అందరూ ఒకరి ఇంట్లో చేరి వీడియో గేమ్ ఆడతారు. అదీ బాగానే ఉంటుందనుకోండి! కానీ ఊరు చూడటం అవ్వదు కదా.

ఈ పాఠంలో మనం షికాగో నగరాన్ని తీసుకుందాం. నేపర్‌విల్, అరోరా లాంటి శివారు ఊళ్ళలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. శివారు అంటే పెద్ద నగరం అంచున ఉండే చోటు. అక్కడ ఉండే ఆరుగురు స్నేహితులు శనివారం, ఆదివారం నగరానికి వెళ్ళి, రాత్రికి ఇంటికి వచ్చేయాలనుకున్నారు. వాళ్ళలో ఒకరి పిన్ని తోడు వస్తానన్నారు. మీరు లండన్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, కౌలాలంపూర్‌లో ఉన్నా సరే, చోట్ల పేర్లు మార్చుకుని చదవండి.

ముందు మొహమాటం సంగతి

ఊరి మ్యాప్ తెరిచే ముందు ఒక తెలుగు మాట నేర్చుకోవాలి. ఆ మాట మొహమాటం. మనసులో "వద్దు" అని ఉంటుంది. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని నోటితో మాత్రం "సరే" అంటాం. అదే మొహమాటం. మీ ఇంటికి వచ్చిన చుట్టాలు ఆకలిగా ఉన్నా "అబ్బే, ఇప్పుడేం వద్దండీ" అంటారు చూడండి, అది కూడా మొహమాటమే.

నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు గుంటూరు నుంచి ఐదుగురు స్నేహితులం ఒక ఆదివారం విజయవాడ వెళ్ళాం. కనకదుర్గమ్మ గుడికి వెళ్ళాం, ప్రకాశం బ్యారేజీ మీద నడిచాం. తర్వాత ఒకడు "బోటెక్కి భవానీ ద్వీపానికి వెళ్దాంరా" అన్నాడు. అది మేము ముందు అనుకున్నది కాదు. అయినా అందరం సరే అన్నాం. ఒక్కడు మాత్రం "నాకు నీళ్ళంటే భయంరా, మీరు వెళ్ళి రండి" అని ఒడ్డునే ఉండిపోయాడు. ప్రతి వేసవిలో మా అందరికంటే ముందు కాలవలోకి దూకేది వాడే! అలాంటివాడికి నీళ్ళంటే భయమేమిటని మాలో ఒక్కరం కూడా అడగలేదు. బోటెక్కి వెళ్ళిపోయాం. వాడి జేబులో తిరిగి రావడానికి బస్సు డబ్బులు మాత్రమే ఉన్నాయని చాలా రోజుల తర్వాత తెలిసింది. మా నలుగురి దగ్గర ఉన్నవి కలిపితే వాడి టికెట్ కూడా వచ్చేది. వాడు రెండు గంటలు ఎండలో కూర్చున్నాడు.

మీ గుంపులో కూడా అలాంటివాళ్ళు ఒకరు ఉండవచ్చు. "నాకు హోంవర్క్ ఉంది" అంటారు, "నాకు ఆకలి లేదు" అంటారు. అందుకే ప్లాన్ మొదలుపెట్టేటప్పుడు "ఎక్కడికి వెళ్దాం?" అని కాదు, "ఎవరికి ఏది కుదురుతుంది?" అని అడగండి. కుదురుతుంది, కుదరదు అనేవి మంచి మాటలు. "నేను రాను" అంటే కోపంగా వినిపిస్తుంది. "నాకు కుదరదు" అంటే ఎవరికీ బాధ కలగదు, కారణం కూడా చెప్పక్కరలేదు.

ఒక్కొక్కరినీ విడిగా అడగాలి

గ్రూప్ చాట్‌లో "అందరూ ఎంత ఖర్చు పెడతారు?" అని అడిగితే నిజం రాదు. మొదటివాళ్ళు 100 డాలర్లు అని రాస్తే, తర్వాతివాళ్ళు 40 అని రాయడానికి మొహమాటపడతారు. కాబట్టి మీలో ఒకరు బాధ్యత తీసుకుని అందరికీ విడివిడిగా ఫోన్ చేయండి. ఇలా మాట్లాడవచ్చు:

"ఏయ్, ట్రిప్ గురించి చేశాను. రెండు రోజులకీ కలిపి నువ్వు ఎంతవరకు పెట్టగలవు?"

"ఉమ్... 40 డాలర్లు. ఎక్కువ కుదరదు."

"సరే, సరిపోతుంది. నువ్వు తిననివి ఏమైనా ఉన్నాయా? భయపడేవి?"

"ఎత్తు అంటే కొంచెం భయం. ఎవరికీ చెప్పకు!"

"చెప్పనులే."

ఆరుగురినీ అడిగాక మీ దగ్గర ఆరు అంకెలు ఉంటాయి. వాటిలో అన్నిటికంటే చిన్న అంకే మీ ట్రిప్ బడ్జెట్. అది ఎవరిదో మాత్రం బయటపెట్టకండి. "మన ప్లాన్ తలా 40 డాలర్లు" అని చెప్తే చాలు. తలా అంటే ఒక్కొక్కరికి అని అర్థం. తల అనే మాట నుంచే వచ్చింది.

డబ్బు ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు. "నా దగ్గర ఉన్నాయి కదా, నేను ఎందుకు ఆగాలి?" అనిపిస్తుంది. తప్పులేదు. ఆ బోటు ఇంకోసారి అమ్మానాన్నలతో ఎక్కవచ్చు. ఈసారి మాత్రం అందరూ ఎక్కగలిగినదే ఎక్కుదాం.

శనివారం: నడిచి చూసే షికాగో

నేపర్‌విల్‌లో మెట్రా రైలు ఎక్కితే సుమారు గంటలో యూనియన్ స్టేషన్‌లో దిగుతారు. వారాంతానికి విడిగా పాస్‌లు అమ్ముతారు. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి ముందురోజు చూసుకోండి. స్టేషన్ బయటికి వచ్చి వంతెన దాటితే కొద్ది దూరంలోనే విల్లిస్ టవర్ కనిపిస్తుంది. 110 అంతస్తులు, 1,451 అడుగులు. దీన్ని నిలబెట్టిన ఇంజనీరు ఫజ్లూర్ ఖాన్ ఢాకాలో పుట్టారు. ఆయన ఆలోచన ఏమిటో తెలియాలంటే తొమ్మిది స్ట్రాలు తీసుకుని రబ్బరు బ్యాండుతో కట్ట కట్టండి. ఒక్క స్ట్రా అయితే వంగిపోతుంది, కట్ట వంగదు. ఈ టవర్ కూడా తొమ్మిది చదరపు గొట్టాల కట్టే. పైకి వెళ్ళేకొద్దీ కొన్ని గొట్టాలు ముందే ఆగిపోతాయి. కింద నిలబడి తల ఎత్తి చూస్తే అది కనిపిస్తుంది.

103వ అంతస్తులో అద్దాల పెట్టె లాంటి బాల్కనీ ఉంది. కాళ్ళ కింద కూడా అద్దమే. దానికి టికెట్ ఖరీదెక్కువ. పైగా మీలో ఒకరికి ఎత్తంటే భయమని మీకు తెలుసు. ప్లాన్ రాసేవాళ్ళు ఆ పేరు చెప్పకుండానే "అది మన బడ్జెట్‌లో లేదు" అని తేల్చేయవచ్చు.

అక్కడి నుంచి తూర్పుకి ఇరవై నిమిషాలు నడిస్తే మిలీనియం పార్క్. టికెట్ లేదు. అందరూ "బీన్" అని పిలిచే పెద్ద మెరిసే గింజ ఇక్కడే ఉంది. అసలు పేరు క్లౌడ్ గేట్. చేసిన కళాకారుడు అనీష్ కపూర్ ముంబైలో పుట్టారు. 168 స్టీలు పలకలను అతికించి, అతుకు కనిపించకుండా నున్నగా చేశారు. బరువు సుమారు 110 టన్నులు. దాని కింద నిలబడి పైకి చూస్తే మీ ఆరుగురూ అరవై మందిలా కనిపిస్తారు. గ్రూప్ ఫోటో ఇక్కడే తీసుకోండి. పక్కనే క్రౌన్ ఫౌంటెన్ ఉంది. 50 అడుగుల గోడల మీద షికాగో మనుషుల ముఖాలు కనిపిస్తాయి, వేసవిలో వాళ్ళ నోట్లోంచి నీళ్ళు వచ్చి పడతాయి. మారు బట్టలు తెచ్చుకోండి. తెచ్చుకోనివాళ్ళే ముందు తడుస్తారు!

ఒక ముఖ్యమైన రూలు: గురువారం నుంచి ఆదివారం వరకు సాయంత్రం 6 దాటాక 18 ఏళ్ళలోపువాళ్ళు పెద్దవాళ్ళు లేకుండా ఈ పార్కులో ఉండకూడదు. ఇది 2022లో వచ్చింది. కాబట్టి పిన్నిగారు కాఫీకి వెళ్ళేది 6 లోపే.

పార్కు పక్కనే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. మెట్ల పక్కన రెండు కంచు సింహాలు ఉంటాయి. 1893 సెప్టెంబరు 11న స్వామి వివేకానంద ప్రసంగించింది ఈ భవనంలోనే. ఆ రోజుల్లో భారతదేశం నుంచి ఇక్కడికి ఓడల్లో, రైళ్ళలో వారాల తరబడి ప్రయాణం చేయాలి. ఇప్పుడు ఆ భవనం ముందు వీధికి ఆయన పేరున్న బోర్డు ఉంది. ఫోటో తీసి మీ తాతయ్యకి పంపండి, ఆయన వెంటనే ఫోన్ చేస్తారు! మ్యూజియంలోకి 14 ఏళ్ళలోపువాళ్ళకి టికెట్ లేదు. మరి మీలో నలుగురికి 13, ఇద్దరికి 14 అయితే? ఆ ఇద్దరూ బయట సింహాల దగ్గర కూర్చోకూడదు కదా. అందరి డబ్బుల్లోంచి వాళ్ళ టికెట్లు కొనండి, లేదా అందరూ బయట నుంచే చూసి ముందుకు సాగండి.

మధ్యాహ్నం డీప్ డిష్ పిజ్జా. ఇది పళ్ళెం కాదు, గిన్నె అనుకోండి. అంత మందంగా ఉంటుంది. కాలడానికి అరగంట పైనే పడుతుంది, ఆకలి వేయకముందే ఆర్డర్ చేయండి. మన ఇళ్ళల్లో చాలామంది శనివారం మాంసం తినరు. ఆ సంగతి ఫోన్‌లోనే అడిగారు కాబట్టి, ఈ పూట అందరికీ చీజ్ పిజ్జా. మాంసం తినేవాళ్ళ వంతు రేపు.

ఇక బోటు. షికాగో నది మీద తిరుగుతూ భవనాలు చూపించే బోట్లు చాలా బాగుంటాయి. కానీ ఆ టికెట్ కొంటే 40 డాలర్లలో పెద్దగా మిగలదు. దానికి బదులు బ్రౌన్ లైన్ రైలు ఎక్కండి. వీధుల పైన, స్తంభాల మీద ఉన్న పట్టాల మీద అది నగరం నడిబొడ్డు చుట్టూ తిరుగుతుంది, నదిని కూడా దాటుతుంది. ఆఫీసు కిటికీలు చేతికి అందేంత దగ్గరగా వెళ్తాయి. ఖర్చు ఒక మామూలు రైలు టికెట్టే. నన్ను అడిగితే బోటుకంటే ఇదే సరదా. తర్వాత నది ఒడ్డున నడుస్తూ ఆ నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడండి. ఒకప్పుడు ఈ నది మిషిగన్ సరస్సులోకి వెళ్ళేది. ఊరి మురికంతా సరస్సులోని తాగేనీటిలో కలిసేది. అందుకని కాలవ తవ్వి, 1900లో నదిని వెనక్కి తిప్పేశారు!

ఆదివారం: ఉత్తరం వైపు

"శనివారమే డెవాన్ అవెన్యూకి వెళ్ళి దోసె తిందాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. డెవాన్‌లో భారతీయుల కొట్లు, హోటళ్ళు వరుసగా ఉంటాయి. కానీ మ్యాప్ చూడండి. అది నగరానికి ఉత్తరపు చివర. రైలు ఎక్కి, దిగి, బస్సు మారేసరికి గంట పడుతుంది. ఒక్క దోసెకి మధ్యాహ్నమంతా పోతుంది. అందుకే ఒక రోజుకి ఒక దిక్కు పెట్టుకోవాలి. ఆదివారం పొద్దున లింకన్ పార్క్ జూకి వెళ్ళండి, టికెట్ లేదు. అది కూడా ఉత్తరం వైపే. అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్తే డెవాన్. బిర్యానీ కావలసినవాళ్ళకి బిర్యానీ, దోసె కావలసినవాళ్ళకి దోసె.

ఈ రోజు ప్లాన్ వెనక నుంచి ముందుకి రాయండి. శని, ఆదివారాల్లో మెట్రా రైళ్ళు తక్కువ. ముందు ఇంటికి వెళ్ళే రైలు టైం రాసుకుని, డెవాన్ నుంచి స్టేషన్‌కి గంటన్నర తీసేయండి. ఇంకో అరగంట కూడా తీసేయండి. ఎవరో ఒకరు స్వీట్ల కొట్లో ఆగిపోతారు కదా!

అమ్మని ఎలా ఒప్పించాలి?

అమ్మ నాలుగే అడుగుతుంది: ఎవరెవరు వెళ్తున్నారు? తోడు ఎవరు? ఎలా వెళ్తారు? ఎన్నింటికి వస్తారు? అడగకముందే జవాబులు కాగితం మీద రాసి ఇవ్వండి. పిన్నిగారి ఫోన్ నంబరు కూడా రాయండి. ఇక పిన్నిగారిని అడిగేటప్పుడు: మీ సొంత పిన్నిని "నువ్వు" అంటారేమో గానీ, స్నేహితుల పిన్నిని "మీరు" అనాలి. "పిన్నిగారూ, ఈ శని, ఆదివారాలు మీకు వీలవుతుందా?" అని అడగండి. "మీరు రావాలి" అని అనకండి. ఆవిడకి కూడా మొహమాటం ఉంటుంది.

డబ్బు లెక్క తిరుగు రైల్లోనే చూసుకోండి. ఎవరు ఎవరి టికెట్ కొన్నారు, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి, అన్నీ అక్కడే తేల్చేయాలి. సోమవారం స్కూల్లో "నువ్వు నాకు ఆరు డాలర్లు ఇవ్వాలి" అని అడగడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఇప్పుడు మీ వంతు

మీకు దగ్గర్లో ఉన్న నగరం ఒకటి ఎంచుకోండి. డబ్బు పెట్టకుండా చూడగలిగే మూడు చోట్లు వెతికి, అవి ఏ దిక్కున ఉన్నాయో రాయండి. తర్వాత ఇద్దరు స్నేహితులకి తెలుగులో ఫోన్ చేసి, కుదురుతుంది, కుదరదు, తలా, వీలు అనే మాటలు వాడుతూ మాట్లాడండి. వాళ్ళు చెప్పిన అంకెలు మాత్రం క్లాసులో చదవకండి.