ఆ ప్రొఫైల్‌లో ఉన్నది మీరేనా?

ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకు లింక్డిన్ తప్పనిసరి అయిపోయింది. అక్కడ కనిపించే ప్యాకేజీలు చూసి మనల్ని మనం తక్కువ చేసుకోవడం, ఆ లోటు పూడ్చడానికి లేనిపోనివి రాసుకోవడం... రెండూ కెరియర్‌కు చేటే. మరి ప్రొఫైల్‌లో ఏం రాయాలి? కంటపడేవాటిని ఎలా చూడాలి?

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే హైటెక్ సిటీకి అరగంట కూడా పట్టదు. కానీ మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్న వాళ్లలో చాలామందికి ఆ దూరం ఏడాదో, ఏడాదిన్నరో పడుతుంది. ఆ మధ్యకాలమంతా చేతిలో ఫోన్ ఉంటుంది. పొద్దున లేచి లింక్డిన్ తెరవగానే, కొత్త ఐడీ కార్డు మెడలో వేసుకుని క్లాస్‌మేట్ నవ్వుతూ కనిపిస్తాడు. ఇన్‌స్టాగ్రామ్‌లోకి వెళ్తే దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద మరో ఫ్రెండ్ ‘ఫస్ట్ శాలరీ’ రీల్. ‘అందరికీ వచ్చేసింది, నేనే మిగిలిపోయా’ అనిపించడానికి ఈ రెండూ చాలు.

నిజంగా అందరికీ వచ్చేసిందా?

కనిపించేది ఎంత?

అరవై మంది ఉన్న క్లాసులో పది మందికి ఆఫర్లు వచ్చాయనుకోండి. ఆ పది మందీ పోస్టు పెడతారు. మిగతా యాభై మంది ‘ఈ నెల కూడా రాలేదు’ అని పోస్టు పెట్టరు కదా! కాబట్టి మీ ఫీడ్‌లో పదికి పది మందీ గెలిచినవాళ్లే. క్లాసులో ఆరో వంతు మీకు క్లాసంతా అన్నట్టు కనిపిస్తుంది.

కనెక్షన్ల సంగతీ ఇంతే. మన స్నేహితులకు సగటున మనకంటే ఎక్కువ మంది స్నేహితులు ఉంటారని స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1991లోనే లెక్కకట్టి చూపించారు. ఎక్కువ పరిచయాలున్నవాళ్లు ఎక్కువ మంది జాబితాల్లో ఉంటారు, అంతే. దానికీ మీ ప్రతిభకూ సంబంధం లేదు.

మరి తెలిసినా ఎందుకు బాధేస్తుంది? కచ్చితమైన కొలబద్ద దొరకనప్పుడు మనుషులు తమలాంటి వాళ్లతో పోల్చుకుంటారని అమెరికన్ మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లో చెప్పారు. ఇందులో ‘తమలాంటి వాళ్లు’ అన్న మాటే అసలు కీలకం. సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయితే మనకు గర్వంగా ఉంటుంది. అదే పక్క బెంచీలో కూర్చున్నవాడికి ఏడు లక్షల ప్యాకేజీ వస్తే రాత్రి నిద్ర పట్టదు.

ఆ అంకె వెనుక లెక్క

పోస్టులో ‘12 లక్షల ప్యాకేజీ’ అని ఉంది. నెలకు లక్ష అనుకుంటాం. ఒకసారి ఉదాహరణకు లెక్క వేద్దాం. అందులో లక్షన్నర ఒక్కసారే ఇచ్చే జాయినింగ్ బోనస్, మరో లక్షన్నర పనితీరును బట్టి వచ్చే వేరియబుల్ పే అనుకుందాం. మిగిలింది 9 లక్షలు. అందులో సగం, అంటే 4.5 లక్షలు బేసిక్. దానిమీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 54 వేలు. గ్రాట్యుటీ 4.81 శాతం చొప్పున 21,645. మళ్లీ ఉద్యోగి వాటా పీఎఫ్ ఇంకో 54 వేలు. ఇవన్నీ తీసేస్తే నెలకు చేతికొచ్చేది, పన్నులు పోకముందే, సుమారు 64 వేలు.

ఇది తక్కువ జీతమని కాదు. మంచి జీతమే. కానీ మిమ్మల్ని నిద్ర పోనివ్వని అంకె, మీ ఫ్రెండ్ బ్యాంకు ఖాతాలో పడే అంకె ఒకటి కాదు.

పైగా ఆఫర్ లెటర్‌తోనే కథ ముగియదు. 2022, 2023ల్లో ఆఫర్ చేతిలో పెట్టుకుని జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూసిన ఫ్రెషర్లు ఎందరో. 2023 ఫిబ్రవరిలో ఒక పెద్ద ఐటీ సంస్థ అయితే ఏటా 6.5 లక్షలకు ఆఫర్ ఇచ్చిన ఫ్రెషర్లను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. అభినందనల పోస్టు కింద ఈ సంగతులేవీ కనిపించవు.

లేనిది కలిపితే...

ఈ పోలికల ఒత్తిడిలోనే కొందరు అడ్డదారి వైపు చూస్తారు. ‘రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం’ అనేవాళ్లు ఉంటారు. ప్రాజెక్టు కొనుక్కుని తామే చేశామని రాసుకునేవాళ్లూ ఉంటారు.

ఇది దొరికిపోయే వ్యవహారం. 2014 నుంచి ఈపీఎఫ్‌ఓ ప్రతి సభ్యుడికీ యూఏఎన్ ఇస్తోంది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్న సర్వీస్ హిస్టరీ అందులో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు దాన్నే అడుగుతున్నాయి. ఐటీ ఉద్యోగుల వివరాలను సరిచూడటానికే నాస్కామ్ 2006లో నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీని మొదలుపెట్టింది. రెజ్యూమెలో ఒక తేదీ, లింక్డిన్‌లో ఇంకో తేదీ ఉన్నా హెచ్‌ఆర్ ఆగి చూస్తారు. ఇచ్చిన సమాచారం తప్పని తేలితే ఎప్పుడైనా తీసేస్తామన్న షరతు ఆఫర్ లెటర్లలో మామూలే.

సరే, దొరకలేదనుకుందాం. అప్పుడూ నష్టమే. ఫ్రెషర్‌గా చేరితే ‘అన్నా, ఈ ఎర్రర్ అర్థం కాలేదు’ అని సీనియర్‌ని ధైర్యంగా అడగొచ్చు. రెండేళ్ల అనుభవం ఉందని చెప్పి చేరినవాడు అదే ప్రశ్న అడగలేడు. నేర్చుకోవాల్సిన సమయంలో నటించాల్సి వస్తుంది.

ఉన్నది ఉన్నట్టు... బాగా

నిజాయతీగా రాయడమంటే పేలవంగా రాయడం కాదు. లింక్డిన్ హెడ్‌లైన్‌కు 220 అక్షరాలు ఇస్తుంది. ‘విజనరీ, ఏఐ ఎంథూజియాస్ట్, ఫ్యూచర్ లీడర్’ అని నింపితే చదివేవాళ్లకు తెలిసేది సున్నా. దాని బదులు ‘ఈసీఈ గ్రాడ్యుయేట్. జావా, ఎస్‌క్యూఎల్. మా ఊరి పాల కేంద్రానికి రోజువారీ లెక్కల యాప్ చేశాను’ అని రాసి చూడండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ పాల కేంద్రం గురించే వస్తుంది. దాని గురించి మీకంటే బాగా చెప్పేవాళ్లు ఎవరుంటారు?

నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టయితే మీరు చేసిన ముక్క ఏదో రాయండి. ‘లాగిన్ మాడ్యూల్, డేటాబేస్ డిజైన్ నావి’ అంటే చాలు. గ్యాప్ ఉంటే దాచొద్దు. కెరియర్ బ్రేక్ చూపించే సదుపాయాన్ని లింక్డిన్ 2022లోనే తెచ్చింది. ఆ నెలల్లో ఏం నేర్చుకున్నారో అక్కడ రెండు లైన్లు రాయొచ్చు. పోస్టును ఏఐతో రాయించి యథాతథంగా పెట్టొద్దు. ఒకే అచ్చులో పోసినట్టుండే ఆ వాక్యాలను రిక్రూటర్లు రోజూ చూస్తూనే ఉంటారు. ఇంగ్లిష్ మామూలుగా ఉన్నా మీ మాటే మేలు.

అలాగని ఇంటర్వ్యూ పోయిన రాత్రే కోపంతో అంతా గోడకెక్కించాల్సిన పనీ లేదు. నిజమే చెప్పాలి కానీ, ప్రతి నిజాన్నీ ఊరందరికీ చెప్పాలని లేదు.

విలువ కొలిచేది ఎక్కడ?

హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల తనకు ఐఐటీ ఎంట్రన్స్‌లో సీటు రాలేదని ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్నారు. ఆయన మణిపాల్‌లో ఇంజినీరింగ్ చేశారు. కాలేజీ బ్రాండ్ చూసి మనం కుంగిపోయే లింక్డిన్‌ను 2016లో 26.2 బిలియన్ డాలర్లకు కొన్నది ఆయన సారథ్యంలోని మైక్రోసాఫ్టే! అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ఆ ఫెయిల్యూర్ కథ మన దాకా వచ్చింది ఆయన గెలిచారు కాబట్టే. ఓటమి మధ్యలో ఉన్నవాళ్ల కథలు ఫీడ్‌లోకి రావు. మీ పక్క గదిలో ఉంటాయి. ఆఫర్ వచ్చిన ఫ్రెండ్‌కు లైక్ కొట్టి ఊరుకోకుండా ఫోన్ చేయండి. ‘దీనికి ముందు ఎన్ని ఇంటర్వ్యూలు పోయాయిరా?’ అని అడగండి. పోస్టులో రాయనిది ఫోన్లో చెబుతాడు.

ఈ వారం నుంచే...

• ప్రొఫైల్‌లోని ప్రతి లైనూ చదివి ‘దీని గురించి ఐదు నిమిషాలు మాట్లాడగలనా?’ అని అడుక్కోండి. లేదంటే తీసేయండి.

• లింక్డిన్ తెరిస్తే ముందు జాబ్స్ విభాగానికే వెళ్లండి. ఫీడ్‌కు రోజుకు 15 నిమిషాలు చాలు.

• ఇన్‌స్టాగ్రామ్‌లో లైకుల సంఖ్య దాచుకునే వీలు 2021 నుంచి ఉంది. వాడుకోండి.

• పంపిన అప్లికేషన్లు, సాల్వ్ చేసిన ప్రాబ్లమ్స్, ఇచ్చిన మాక్ ఇంటర్వ్యూలు వారానికోసారి నోట్‌బుక్‌లో రాయండి. ఇవి మీ చేతిలో ఉన్న అంకెలు.

• ‘ఓపెన్ టు వర్క్’ పెట్టడం నామోషీ కాదు. రిక్రూటర్లకే కనిపించేలా కూడా పెట్టుకోవచ్చు. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగితే మాత్రం అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

• రోజుల తరబడి నిద్ర లేకపోయినా, ఏం చేసినా ఉపయోగం లేదనిపించినా ఒంటరిగా భరించొద్దు. టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.